హైదరాబాద్‌లో 4:30కి లేచే పిల్ల, హార్లెమ్‌లో అర్ధరాత్రి లేస్తుంది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి, హైదరాబాద్‌లో అకాడమీలో ఉండి బ్యాడ్మింటన్ ఆడుతోంది. పోయిన ఏడాది ఫిబ్రవరి చివర్లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో డచ్ జూనియర్ టోర్నమెంటు ఆడింది. పొద్దున మ్యాచ్ తేలిగ్గా గెలిచి, సాయంత్రం మ్యాచ్‌లో అంతకుముందు ఓడించిన అమ్మాయి చేతిలోనే ఓడిపోయింది. రాత్రి పన్నెండు, ఒంటిగంటకల్లా మెలకువ వచ్చేసేదట. కోచ్ గారు "మెంటల్‌గా వీక్" అన్నారు. ఈసారి హార్లెమ్ అయ్యాక జర్మన్ జూనియర్ కూడా ఉంది. ఎన్ని రోజుల ముందు వెళ్లాలి, నిద్ర కోసం అమ్మే మెలటోనిన్ గమ్మీలు ఇవ్వొచ్చా, నిజంగా ఇది మనసు బలహీనతేనా అని అడిగారు.

మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కాదు. పొద్దున గెలిచి సాయంత్రం ఓడిందని మీరు రాసినప్పుడే నాకు సంగతి సగం అర్థమైంది. పదమూడేళ్లుగా జూనియర్ జట్లతో ఫిజియోగా తిరుగుతున్నాను. యూరప్ వెళ్లిన హైదరాబాద్ పిల్లల్లో ఈ వరస ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

లెక్క చూడండి. ఫిబ్రవరి, మార్చిలో నెదర్లాండ్స్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. అకాడమీ పిల్లలు తెల్లవారుజామున 4:30కి లేస్తారు, రాత్రి 9:30కల్లా పడుకుంటారు. మన 4:30 అంటే హార్లెమ్‌లో సరిగ్గా రాత్రి 12. మన 9:30 అంటే అక్కడ సాయంత్రం 5. అంటే మీ అమ్మాయికి ఒంటిగంటకు మెలకువ రావడం జబ్బూ కాదు, టెన్షనూ కాదు. తన ఒళ్లు రోజూ లేచే టైముకే లేచింది. పొద్దున 9 గంటల మ్యాచ్ తన ఒంటికి మధ్యాహ్నం ఒకటిన్నర, మంచి టైము, గెలిచింది. సాయంత్రం 7:30 మ్యాచ్ తన ఒంటికి అర్ధరాత్రి. రోజూ ఆ టైముకి గాఢనిద్రలో ఉండే పిల్లని లేపి, కోర్టులో నిలబెట్టి, ఎందుకు కదలడం లేదని అడిగినట్టుంది.

అందుకే నేను పిల్లల తల్లిదండ్రులందరికీ మొదట చెప్పేది ఒకటే. రెండు దేశాల మధ్య తేడా ఎంతని చూసి ఊరుకోకండి, మీ పిల్ల ఎన్నింటికి లేచే పిల్లో చూడండి. టీనేజ్ పిల్లలకి పడమర ప్రయాణం తేలిక అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ వయసులో ఒంట్లో గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుంటారు, కాబట్టి రోజు సాగినా వాళ్లకి ఇబ్బంది ఉండదు. ఆ మాట నిజమే. కానీ మన అకాడమీ పిల్లల్ని ఏళ్ల తరబడి నాలుగున్నరకి లేపి, వాళ్ల గడియారాన్ని మనమే ముందుకి జరిపేశాం. వాళ్లు ఇండోనేషియా వెళితే ఆ అలవాటు సాయం చేస్తుంది. యూరప్ వెళితే అదే ఎదురు తిరుగుతుంది.

ఈ గడియారం గురించి నాలుగు మాటలు. మెదడులో, రెండు కళ్ల నరాలూ కలుసుకునే చోటికి కాస్త పైన చిన్న కణాల గుంపు ఉంటుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు అన్నిటికీ టైము చెప్పేది అదే. దానికి టైము చెప్పేది మాత్రం కంట్లో పడే వెలుతురు. మామూలుగా మనం లేచే టైముకి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గి ఉంటుంది, మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి బాగా పెరుగుతుంది. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కాళ్లు చురుగ్గా కదులుతాయి, చూపు చెయ్యి కలుస్తాయి. తక్కువగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా అనుకున్నా షటిల్ దగ్గరికి అర అడుగు ఆలస్యంగా చేరతారు. బ్యాడ్మింటన్‌లో అర అడుగు అంటే పాయింటే.

ఈ గడియారాన్ని ఒక్కసారిగా తిప్పలేం. సుమారుగా పడమరకి రోజుకి గంటన్నర, తూర్పుకి రోజుకి గంట చొప్పున జరుగుతుంది. అంటే నాలుగున్నర గంటల తేడాకి మూడు రోజులు.

ఒంట్లో గడియారానికీ దిగిన ఊరి టైముకీ పొంతన కుదరకపోవడమే జెట్ లాగ్. అది వేరు, ప్రయాణ బడలిక వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, దాంతో మందు తప్పుతుంది. బడలిక అంటే గంటల తరబడి కూర్చోవడం, లైన్లలో నిలబడటం, పొడి గాలి, సరైన తిండి లేకపోవడం, నిద్ర చెడటం. ఒకటి రెండు రాత్రులు బాగా పడుకుంటే పోతుంది. జెట్ లాగ్ ఎంత పడుకున్నా ఒక రాత్రిలో పోదు, గడియారం జరగాల్సిందే. 2023లో ఆసియా జూనియర్ పోటీలు ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో జరిగాయి. మనకీ వాళ్లకీ తేడా గంటన్నరే, అక్కడ జెట్ లాగ్ అన్నది దాదాపు ఉండదు. అయినా రెండు విమానాలు మారి దిగిన పిల్లలు మొదటి రోజు నీరసంగా ఉంటారు. అది బడలిక. అక్కడ పిల్లని వెలుతురులో తిప్పడం, టైము లెక్కలు వేయడం అనవసరం, పడుకోనివ్వాలి అంతే.

మీ ఊరు విజయవాడ అని రాశారు కాబట్టి బడలిక ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు శంషాబాద్ నుంచి చాలావరకు తెల్లవారుజామున బయల్దేరతాయి. మూడున్నరకి విమానం అంటే పన్నెండున్నరకి ఎయిర్‌పోర్టులో ఉండాలి. పిల్ల సెలవులకి ఇంటికొచ్చి అక్కణ్ణుంచి బయల్దేరితే సాయంత్రం ఆరింటికి కారెక్కాలి. అంతకుముందు పగలంతా సర్దుళ్లు, చుట్టాల ఫోన్లు, గుడికి వెళ్లి రావడం. దోహాలో దిగేసరికి పిల్ల కళ్లు ఎర్రబడి ఉంటాయి, ఇంకా సగం ప్రయాణం మిగిలే ఉంటుంది. కాబట్టి ముందురోజుల్లోనే హైదరాబాద్ చేర్చేయండి. పెట్టె రెండు రోజుల ముందే సర్దేయండి. ప్రయాణం రోజు మధ్యాహ్నం భోజనం చేసి గంటన్నర పడుకోనివ్వండి, ఆ టైములో ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి.

అసలు పని దానికి నాలుగైదు రోజుల ముందే మొదలవ్వాలి. మీరడిగిన "ఎన్ని రోజుల ముందు వెళ్లాలి" అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. హోటల్ ఖర్చు మీదే, వీసా ఎప్పుడొస్తుందో తెలియదు, అయిదు రోజుల ముందు వెళ్లమని చెప్పడం నాకు తేలిక, మీకు భారం. కానీ గడియారాన్ని ఇంట్లోనే జరపొచ్చు, దానికి ఖర్చు లేదు. రోజుకి ముప్పావు గంట చొప్పున పడుకునే టైము వెనక్కి జరపండి. మొదటి రాత్రి 10:15, తర్వాత 11, 11:45, నాలుగో రాత్రి 12:30. లేవడం కూడా అదే లెక్కన 5:15, 6, 6:45, 7:30. నాలుగు రోజుల్లో మూడు గంటలు జరిగిపోయింది. మిగిలిన గంటన్నర హార్లెమ్‌లో ఒక్క రోజు పని. అప్పుడు మ్యాచ్‌కి రెండు రోజుల ముందు దిగితే సరిపోతుంది. ఏమీ చేయకుండా నాలుగు రోజుల ముందు దిగడం కన్నా ఇది మేలని నా అనుభవం.

దీనికి అడ్డు ఒక్కటే, తెల్లవారుజాము ప్రాక్టీస్. ఆ నాలుగైదు రోజులు ఆ సెషన్ మానేసి, పొద్దున పదింటికో సాయంత్రమో ఆడాలి. కోచ్ గారితో మీరే మాట్లాడండి, పిల్లతో చెప్పించకండి. "టోర్నమెంటుకి ముందు ప్రాక్టీస్ మానేస్తారా" అని చాలామంది కోచ్‌లు మొదట కోపగించుకుంటారు. మానడం లేదు, టైము మారుస్తున్నాం, సాయంత్రం మ్యాచ్‌లో కాళ్లు కదలాలంటే ఇదే దారి అని పై లెక్క కాగితం మీద వేసి చూపించండి. నేను మాట్లాడినవాళ్లలో లెక్క చూశాక కాదన్న కోచ్‌లు తక్కువ. ఆ రోజుల్లో రాత్రి పడుకునే దాకా ఇంట్లో లైట్లన్నీ వేసి ఉంచండి. పొద్దున మాత్రం గదికి దళసరి కర్టెన్ వేయండి. ఆఖరి రెండు రోజులు అలారం వద్దు, ఎంతసేపు పడుకుంటే అంతసేపు పడుకోనివ్వండి. ముందుగా కూడబెట్టుకున్న నిద్ర అక్కరకొస్తుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు మీద 2011లో వచ్చిన అధ్యయనంలో, కొన్ని వారాల పాటు రాత్రికి పది గంటలు పడక మీద ఉండేలా చూస్తే ఆ కుర్రాళ్ల ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే షాట్లు) 9 శాతం మెరుగయ్యాయి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మన పిల్లలకి అది మామూలు రోజుల్లోనే దొరకడం లేదన్నది నా బాధ. లాస్ ఏంజెలెస్‌లో స్కూలు క్రీడాకారుల మీద 2014లో చేసిన పరిశీలనలో, ఎనిమిది గంటల కన్నా తక్కువ పడుకునేవాళ్లకి గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. నా టేబుల్ మీదకి చీలమండ పట్టుకుని వచ్చే పిల్లల్ని ఇప్పుడు నేను మొదట అడిగేది రాత్రి ఎన్నింటికి పడుకున్నావనే.

విమానంలో రెండు విడతలనూ వేరువేరుగా చూడండి. శంషాబాద్ నుంచి దోహాకో దుబాయ్‌కో వెళ్లే మొదటి నాలుగు గంటలు మన రాత్రే. ఎక్కగానే పడుకోవాలి, భోజనం కోసం లేపొద్దని సిబ్బందికి చెప్పాలి. కళ్లకి గంత, మెడకి దిండు, చెవులకి దూది లాంటి ప్లగ్‌లు, ఈ మూడూ చేతి సంచిలో ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. రెండో విమానంలో మొదటి రెండు గంటలు కునుకు తీయొచ్చు, ఆ తర్వాత మెలకువగా ఉండాలి. మధ్యాహ్నం ఆమ్‌స్టర్‌డామ్‌లో నిద్రమొహంతో దిగి, హోటల్‌లో సాయంత్రం దాకా పడుకుంటే ఆ రాత్రి పోయినట్టే. విమానం లోపల గాలిలో తేమ 10 నుంచి 20 శాతమే ఉంటుంది, గొంతు, ముక్కు ఎండిపోతాయి. సీసా దగ్గర పెట్టుకుని గంటకోసారి కొంచెం కొంచెం తాగాలి. బాత్‌రూమ్‌కి లేవాల్సొస్తుందని పిల్లలు నీళ్లు తాగరు. లేవడం మంచిదే, కాళ్లు కదులుతాయి, కాబట్టి నడవ పక్క సీటు అడగండి. షూ లేసులు వదులు చేసుకోమనండి.

దిగిన రోజు మధ్యాహ్నం బయట ఉండాలి. ఫిబ్రవరి చివర్లో హార్లెమ్‌లో సూర్యాస్తమయం సుమారు సాయంత్రం 6:10కి. చలిగా ఉంటుంది, గాలి కోస్తుంది, పిల్లలు గదిలోంచి కదలరు. టోపీ, మంచి జాకెట్ వేసి అయినా చీకటి పడేదాకా నడిపించాలి. ఈ పూట వెలుతురే గడియారాన్ని మనకి కావలసిన వైపు జరుపుతుంది. చీకటి పడ్డాక హాల్‌లో లైట్ల కింద అరగంట షటిల్ తాకించి, ఏడింటికి భోజనం పెట్టి, తొమ్మిదిన్నర పదింటి దాకా నిద్రపోనివ్వకండి. ఆరింటి నుంచి కళ్లు మూతలు పడతాయి, గదిలో ఒంటరిగా వదిలితే పడిపోతుంది. ఆ మూడు గంటలు ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

ఇక రాత్రి. గెలుపోటములు సగం ఇక్కడే తేలిపోతాయి కాబట్టి నేను చూసింది చెబుతాను.

ఒక జట్టుతో యూరప్ వెళ్లిన మొదటి రాత్రి నాకూ మెలకువ వచ్చింది. టైము 12:40. నీళ్ల కోసం కిందకి వెళుతుంటే పిల్లల గది తలుపు కింద నుంచి వెలుతురు కనిపించింది. తలుపు తట్టాను. లోపల ఇద్దరమ్మాయిలు నేల మీద కూర్చుని ఉన్నారు, పెట్టె తెరిచి ఉంది, మధ్యలో జంతికల డబ్బా. ఒకమ్మాయి వాళ్లమ్మతో వీడియో కాల్ మాట్లాడుతోంది. అక్కడ ఉదయం 5:10, ఆవిడ అప్పుడే లేచి పాలు పొయ్యి మీద పెట్టి, కూతురు కూడా లేచే ఉందని సంతోషంగా కబుర్లు చెబుతున్నారు. ఫోన్ వెలుగు పిల్ల మొహం నిండా పడుతోంది. నాకు అప్పట్లో తెలియక, నేనూ రెండు జంతికలు తీసుకుని పది నిమిషాలు కూర్చుని వచ్చేశాను. మర్నాడు సాయంత్రం ఏడున్నరకి ఆ అమ్మాయి మూడో గేమ్‌లో 18-18 దగ్గర నెట్ దగ్గర పడ్డ షటిల్ తీసి, చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సర్వీస్ ఎవరిదో మర్చిపోయింది. అంపైర్ చేయి చూపించాక అవతలి అమ్మాయికి ఇచ్చింది. వరుసగా మూడు పాయింట్లు పోయాయి. ఆ రాత్రి నేను ఆ ఫోన్ పక్కన పెట్టించి లైటు ఆర్పించి ఉంటే గెలిచేదని చెప్పలేను. కానీ ఆ పని నాది, నేను చేయలేదు.

ఆ టైములో వెలుతురు ఎందుకు చెడ్డదంటే, మన ఒంట్లో తెల్లవారుజామున పడే వెలుతురు "తెల్లారింది" అని గడియారానికి గట్టిగా చెబుతుంది. హార్లెమ్ అర్ధరాత్రి మీ అమ్మాయి ఒంటికి అదే తెల్లవారుజాము. ఫోన్ చూసినా, ట్యూబ్‌లైటు వేసినా, ఏమైనా తిన్నా, పగలంతా కష్టపడి వెనక్కి జరిపింది మళ్లీ ముందుకి పోతుంది. కాబట్టి మెలకువ రావడం తప్పు కాదు, లేచి కూర్చోవడమే తప్పు అని పిల్లకి ముందే చెప్పండి. చీకట్లోనే పడుకుని ఉండాలి, నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు, ఒళ్లు విశ్రాంతి తీసుకుంటుంది. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే చిన్న లైటు చాలు. ఫోన్ రాత్రి మేనేజర్ గదిలో ఉండాలి. దీనికి మీ సాయం కావాలి. తెల్లారగానే ఫోన్ చేసి "తిన్నావా, పడుకున్నావా" అని అడగాలని మీకు ప్రాణం కొట్టుకుంటుంది. ఆగండి. మన టైము మధ్యాహ్నం పన్నెండు దాటాక చేయండి, అప్పుడు అక్కడ పొద్దున ఏడున్నర. అమ్మమ్మకీ, అన్నయ్యకీ కూడా ఈ టైము చెప్పండి.

పగటి నిద్ర విషయంలో ఒకటే జాగ్రత్త. మధ్యాహ్నం రెండు లోపు, ఇరవై ముప్పై నిమిషాలు, అలారం పెట్టి, పక్కన లేపే మనిషి ఉంటేనే. లేచాక మ్యాచ్‌కి కనీసం గంట వ్యవధి ఉండాలి. సాయంత్రం మ్యాచ్ ఉన్న రోజున ఈ చిన్న కునుకు నిజంగా పనికొస్తుంది. వార్మప్ కూడా సాయంత్రం ఎక్కువసేపు చేయించండి. పొద్దున పదిహేను నిమిషాలు సరిపోతే సాయంత్రం అరగంట, చెమట పట్టేదాకా. తగ్గిపోతున్న ఒంటి వేడిని కొంతవరకు అలా పైకి లాగొచ్చు. దిగిన మొదటి రోజు మాత్రం గట్టి ప్రాక్టీస్ వద్దు. ఆ రోజు షాట్లు తప్పుతాయి, అది చూసి పిల్ల భయపడుతుంది, కోచ్‌లు కంగారుపడి ఇంకో గంట ఆడిస్తారు.

మెలటోనిన్ సంగతి. అది ఒంట్లో చీకటి పడ్డాక సహజంగా తయారయ్యే హార్మోనే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో లేదు. పెద్దవాళ్లలో జెట్ లాగ్‌కి పనిచేస్తుందనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి, ముఖ్యంగా తూర్పు ప్రయాణాల్లో. అయినా మీ అమ్మాయికి గమ్మీలు వద్దంటాను. తప్పు టైములో వేసుకుంటే గడియారాన్ని తప్పు వైపు జరుపుతుంది. డబ్బా మీద రాసింది లోపల ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. 2017లో కెనడాలో షాపుల్లో అమ్మే మెలటోనిన్ ఉత్పత్తులు పరీక్షిస్తే, కొన్నిట్లో రాసిన దానికన్నా 83 శాతం తక్కువ, కొన్నిట్లో 478 శాతం ఎక్కువ ఉంది, నాలుగో వంతు ఉత్పత్తుల్లో మెదడు మీద పనిచేసే సెరటోనిన్ అనే మరో రసాయనం కూడా కలిసి ఉంది. డోపింగ్ నియమాల్లో శాంపిల్‌లో ఏం దొరికినా బాధ్యత ఆటగాళ్లదే, వయసు పదిహేనైనా సరే. నాలుగున్నర గంటల తేడాకి ఆ రిస్క్ అక్కర్లేదు. ఎప్పుడైనా పెద్ద తేడా ఉన్న దేశానికి వెళ్లాల్సొస్తే, పిల్లని చూసే డాక్టర్‌తో మాట్లాడి, ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూసి, అప్పుడు నిర్ణయించండి.

చుట్టాల్లో ఎవరో వాడే నిద్రమాత్ర సగం విరిచి ఇవ్వడం, నిద్ర పడుతుందని జలుబు మాత్ర వేయడం కూడా చూశాను. దయచేసి వద్దు. మర్నాడు మత్తు దిగదు. విమానం దిగాక పిల్లలకి జలుబు చేయడం మామూలే, అప్పుడు అక్కడి షాపులో మందు కొనేస్తారు. ముక్కు దిబ్బడకి ఇచ్చే కొన్ని మందుల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీ రోజుల్లో అది మోతాదు దాటితే నిషేధమే. జ్వరానికి పారాసిటమాల్, ముక్కుకి ఉప్పునీటి చుక్కలు ఇక్కణ్ణుంచే పెట్టి పంపండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. పిల్ల శాకాహారి అని రాశారు, అక్కడ బ్రెడ్, బంగాళాదుంపలతో సరిపెట్టుకుని మూడో రోజుకి కడుపు బిగుసుకుంటుంది. పులిహోర పొడి, కందిపొడి, పల్లీ చిక్కీ, అటుకులు పెట్టండి. నెయ్యి, పాలకోవా పెట్టకండి, యూరప్ దేశాలు బయట నుంచి పాలతో చేసినవీ మాంసమూ రానివ్వవు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. పెరుగు అక్కడే దొరుకుతుంది. ఏది తిన్నా అక్కడి టైముకే తినాలి, ఒంట్లో గడియారానికి వెలుతురు తర్వాత తిండే గుర్తు. ఆడపిల్ల కాబట్టి ఇంకో మాట. దూర ప్రయాణంలో నెలసరి తేదీ ముందూ వెనకా కావచ్చు, కావలసినవన్నీ చేతి సంచిలో పెట్టండి. తేదీ వాయిదా మాత్రలు డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి.

మీ అమ్మాయి ముందుముందు ప్రపంచ జూనియర్ పోటీల దాకా వెళ్లాలని రాశారు. 2023లో అవి అమెరికాలో స్పోకేన్‌లో జరిగాయి, మనకీ ఆ ఊరికీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో పన్నెండున్నర గంటల తేడా. అక్కడ లెక్క పూర్తిగా తలకిందులు. నాలుగున్నరకి లేచే పిల్లకి ఒంటి వేడి మన టైము రాత్రి రెండింటి ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది, అది స్పోకేన్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. అంటే అందరూ హుషారుగా ఆడే మధ్యాహ్నమే మన పిల్లలకి నడిరాత్రి. అలాంటి చోటికి మ్యాచ్‌కి వారం పైన ముందు వెళ్లాలి, దాన్ని ఇంట్లో సర్దుకోలేం. మొదటి రెండు రోజులు పొద్దున నుంచి ఒంటిగంట దాకా ఎండలో ఉండి, ఆ తర్వాత సాయంత్రం దాకా నల్లకళ్లద్దాలు పెట్టుకోవాలి, లేకపోతే గడియారం సగం ఇటు, సగం అటు లాగుతుంది. అప్పటి సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.

మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది తిరుగు ప్రయాణం. జర్మనీ నుంచి మార్చి మధ్యలో వస్తుంది, ఆ వెంటనే పదో తరగతి పరీక్షలు. వచ్చేది తూర్పుకి, కష్టమైన వైపు. రెండు వారాలు అక్కడ ఉండి పూర్తిగా అలవాటు పడ్డాక, మన ఉదయం 9:30 తన ఒంటికి తెల్లవారుజాము ఐదు. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతిలోకి వచ్చే టైముకి మెదడు నిద్రలో ఉంటుంది. సాయంత్రం మ్యాచ్ కథే మళ్లీ, ఈసారి లెక్కల పేపర్‌తో. మొదటి పరీక్షకి కనీసం ఐదు రోజుల ముందు దిగేలా తిరుగు టికెట్ కొనండి. వచ్చాక మొదటి రెండు రోజులు తెల్లారి ఎండ కంట్లో పడేలా కాకుండా, పొద్దున తొమ్మిది తర్వాత బయటికి తీసుకెళ్లండి. ఆ పైన రోజుకో గంట ముందుకి జరపండి. రాత్రి తొమ్మిది నుంచి లైట్లు తగ్గించండి. నిద్ర రాకపోతే పుస్తకం పట్టుకుని రెండింటి దాకా చదవనివ్వకండి, ఆ టైములో చదివింది నిలవదు, గడియారమూ జరగదు. పరీక్షలు అయ్యేదాకా తెల్లవారుజాము ప్రాక్టీస్ వద్దని కోచ్ గారికి ఇప్పుడే చెప్పి పెట్టండి. టికెట్ తేదీ కుదరకపోతే జర్మన్ జూనియర్ ఈ ఏడాదికి వదిలేయడం గురించి కూడా అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. నిర్ణయం తనకి చెప్పడం కాదు, తననే అడగండి. పదిహేనేళ్ల పిల్ల ఈ లెక్కలన్నీ చక్కగా అర్థం చేసుకుంటుంది.

పోయిన ఏడాది ఓటమి గురించి తనతో ఒకసారి మాట్లాడటం మర్చిపోకండి. "మెంటల్‌గా వీక్" అన్న మాట పిల్లలు ఏళ్ల తరబడి మోస్తారు. పొద్దున గెలిచిన టైము, సాయంత్రం ఓడిన టైము ఒక కాగితం మీద రాసి, పక్కన హైదరాబాద్ టైము తననే వేయమనండి. ఈసారి ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి, ఏ రోజు ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి మెలకువ వచ్చింది, మ్యాచ్‌లో కాళ్లు ఎలా ఉన్నాయి అన్న మూడు విషయాలు రాసుకోమనండి. డ్రా వచ్చాక మ్యాచ్ టైములు నాకు పంపండి, ఏ రోజు కునుకు తీయాలో, ఏ పూట బయట నడవాలో రోజువారీగా రాసిస్తాను.